ఎయిర్‌బ్రష్ కొన్నవారికి నా అమూల్య సలహాలు

నాటింగ్‌హామ్‌లో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు 1987లో 'వార్‌హామర్ 40,000' ఆటను వదిలింది మొదలు, అంగుళం పైచిలుకు ఎత్తుండే ప్లాస్టిక్ సైనికులకు రంగులేస్తూ ఎందరో కళ్లు పాడుచేసుకుంటున్నారు. మీకా ఖర్మ లేదు. మీరు ఎయిర్‌బ్రష్ కొన్నారు. కంప్రెసర్ గుయ్యిమంటుంది, రంగు దానంతటదే పడుతుంది, ఈలోగా మీరు టీ తాగొచ్చు.

ముందు రంగు సంగతి. పాలంత పల్చగా కలపాలని, ఎయిర్‌బ్రష్ కప్పు గోడకు రాసి చూస్తే పొర కట్టి మెల్లగా కిందికి దిగాలని తెలిసినవాళ్లు చెబుతారు. కంపెనీవాడు అంత కష్టపడి చిక్కగా చేసి అమ్మితే, మనం పల్చన చేయడం అతన్ని అవమానించడం కాదూ? గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల మామూలు సిటాడెల్ రంగు మూత తీసి, ఇడ్లీపిండిలా ఉన్నదాన్ని ఉన్నట్టే కప్పులో వేయండి. నాజిల్ రంధ్రం 0.3 మిల్లీమీటర్లేనట. ఉంటే ఉండనీయండి. పట్టుదల ఉన్న రంగు దారి వెతుక్కుంటుంది.

అప్పటికీ రాకపోతే ఒత్తిడి పెంచండి. ఈ పనికి 15 నుంచి 25 పీఎస్ఐ చాలనేవాళ్లు ఉత్త పిరికివాళ్లు. గేజి మీద ఆ పైన కూడా అంకెలున్నాయి, వాటికీ మీరు డబ్బు కట్టారు. 60కి తిప్పండి. లోపల గడ్డకట్టిన రంగు ఉన్నట్టుండి ఊడొచ్చి సైనికుడి మొహాన తుపుక్కున పడుతుంది. దాన్ని యుద్ధగాయం అనండి. లేదూ, పల్చన చేసే తీరాలని ఇంట్లో ఎవరైనా పట్టుబడితే, పూర్తిగా నీళ్లు చేసి, అదే 60లో, బొమ్మకు ఆనించి కొట్టండి. రంగు నిలవదు, గాలి తోసినవైపల్లా కాళ్లొచ్చినట్టు పాకుతుంది. అదీ ఒక డిజైనే.

మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. మొదలుపెట్టేటప్పుడు ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు మూసి, చివర్న గాలి వదలాలి. ఈ వరసలు గుర్తుపెట్టుకోవడానికి మనమేమన్నా పరీక్ష రాస్తున్నామా? వేలు ఎప్పుడు నొప్పెడితే అప్పుడే తీసేయండి. ఆగిన రంగు సూది మొన దగ్గర బొట్టుగా కాచుకుని కూర్చుని, మళ్లీ నొక్కగానే మీ ఉత్సాహంతో పాటే బయటికి దూకుతుంది.

ఇక అందరూ గొప్పగా చెప్పుకునే జెనితల్ పద్ధతి. బొమ్మకు అన్నివైపులా నల్ల ప్రైమర్, దాని మీద ఏటవాలుగా బూడిదరంగు, ఆఖర్న నడినెత్తి మీదుగా తెలుపు. హెల్మెట్ పైభాగం, భుజకవచాల అంచులు తెల్లబడతాయి. నడుముకున్న సంచి అడుగున, చంకల్లో నలుపు మిగిలిపోతుంది. ఆ పైన పల్చటి రంగు వేస్తే నీడలు వాటంతటవే పలుకుతాయి. నిజంగానే అందమైన పని. ఓపిగ్గా చేయండి. చేసి, ఆరబెట్టి, దాని మీద చిక్కటి ఎరుపు రెండు కోట్లు దిట్టంగా దట్టించండి. నలుపూ లేదు, తెలుపూ లేదు. సంపూర్ణ సమానత్వం.

విశాఖలో ఉండేవారికి ప్రత్యేక సూచన. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ఆ గాలిని నొక్కినప్పుడు తేమ నీరై గొట్టంలోంచి వస్తుంది. దాన్ని పట్టడానికి మాయిశ్చర్ ట్రాప్ ఒకటి ఇస్తారు. పీకి పక్కన పెట్టండి, రంగులో కలపడానికి ఉచితంగా వచ్చే నీళ్లను ఎవరైనా కాదంటారా? మే నెలలో కర్నూలు మేడ మీద కొట్టేవారికి ఇంకో లాభం: రంగు సూది మొన మీదే ఎండుతుంది. కాస్త దూరం జరిగి కొట్టారా, మిగిలింది దారిలోనే ఎండి, బొమ్మ మీద గరుకు పొడిగా కూర్చుంటుంది.

మాస్కు వద్దు. నీళ్ల రంగేగా! తలుపులు మూసి, ఏసీ వేసుకుని కూర్చోండి. తుమ్మినప్పుడు రుమాలు నీలంగా కనబడితే, బొమ్మకెంత పోయిందో ముక్కుకెంత పోయిందో లెక్క తేలుతుంది.

కడగడం అనేది ఈ కళలో అసలు పరీక్ష. అక్రిలిక్ రంగు ఎండితే నాజిల్‌లో ప్లాస్టిక్కే అయి కూర్చుంటుంది, కాబట్టి రంగు మార్చినప్పుడల్లా కడగాలంటారు. మీరు మాత్రం కప్పు తుడిచి పడుకోండి, తెల్లారాక చూసుకోవచ్చు. తెల్లారాక మీట కదలదు. అప్పుడు కటింగ్ ప్లేయరుతో సూదిని బలంగా పీకండి. నాజిల్ విప్పడానికి జాలీ లేని సింకే మంచి చోటు. అది ఎంత చిన్నదో జారిపడ్డాకే అర్థమవుతుంది. పడకుండా మిగిలిందా, పిన్నీసు పెట్టి లోపల గట్టిగా కెలకండి. 0.3 కాస్తా మీ చేతి చలవవల్ల సైజు పెరుగుతుంది, రంధ్రం కాస్త వంకర పోతుంది, పైసా ఖర్చు లేకుండా పెద్ద నాజిల్ మీ సొంతం. సూదిని తిరిగి దోపేటప్పుడు ఇంక కదలదన్నాక కూడా ఒక్క తోపు తోయండి. మొన వంగితే దిగులు వద్దు, ఇకనుంచి రంగు పక్కకు పోతుంది గనుక మీరూ పక్కకు తిరిగి కూర్చుంటే సరి.

ఇన్ని చేశాక కూడా బొమ్మ బాగా రాకపోతే, లోపం మీది కానే కాదు, పరికరానిది. అమ్మేయండి. ప్రకటనలో "ఒక్కసారే వాడినది" అని రాయండి. అందులో అబద్ధమేమీ లేదు, రెండోసారికి అది పనిచేయలేదుగా.