35 మార్కుల గుండె

"ఈఎఫ్ 35" అన్నారు డాక్టరుగారు, ఎకో రిపోర్టు మీంచి తలెత్తకుండా. హన్మకొండలోని ఓ ఆసుపత్రిలో టోకెన్ పట్టుకుని రెండు గంటలు కూర్చున్న ఇల్లాలికి దక్కిన వాక్యం అదొక్కటే.

"35 అంటే పాసే గద సార్?" అందామె. పదో తరగతి లెక్క మరి!

డాక్టరు నవ్వలేదు. "నెక్స్ట్" అన్నారు.

"ఉప్పు ఎంత వెయ్యాలె సార్?"
"తక్కువ."
"ఎంత తక్కువ?"
"బాగా తక్కువ."
"మా ఆయనకు నయమైతదా?"
"చూద్దాం."

నిజానికి విడమరచి చెప్పడానికి అర నిమిషం చాలు. గుండెలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి నెట్టేది ఎంత శాతమో, అదే ఈఎఫ్. గట్టి గుండెకూ నూరు రాదు, 55 నుంచి 70 మధ్య ఉంటే భేష్. ఈఎఫ్ ఇలా తగ్గితే వినిపించే హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, పంపు నీరసించడం. రోజూ బరువు చూసుకోవాలి. ఒక్కసారిగా బరువు పెరిగినా, కాళ్లు వాచినా, ఆయాసమొచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి. మామిడికాయ తొక్కు జాడీకి దండం పెట్టాలి.

రోగి అడిగితే డాక్టర్లు రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002లోనే నిబంధన పెట్టారు. మందుల పేర్లు చదవగలిగేలా రాయాలని 2016లో చెప్పారు. నోటిమాట ఎన్ని గంటల్లో ఇవ్వాలో మాత్రం ఎవరూ రాయలేదు!

ఆమె వెళ్తూ వెళ్తూ వేయిస్తంభాల గుడిలో నంది చెవిలో "నయమైతదా?" అని అడిగిందట. నందీ ఏం చెప్పలేదు. కాకపోతే, ఫీజు తీసుకోలేదు.