పిచ్చి మొక్కల పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
పార్కు మూల మొలిచె పచ్చని మొక్కలు
పేరు తెలియదనుచు పిచ్చివనిరి
కత్తి పట్టి వచ్చె కాంట్రాక్టు కూలన్న
అవ్వ వచ్చి చెప్పె నన్ని పేర్లు

అవతారిక: కవి ఎవరో తెలియదు. పద్యం గోడ మీద బొగ్గుతో రాసి ఉంది కనుక ఆయనది గోదావరిఖని అని ఒక వాదం. బొగ్గు ఎక్కడైనా దొరుకుతుందని మా వాదం.

ప్రతిపదార్థం: పార్కు = శిలాఫలకం, తాళం పడిన గేటు, నీళ్లు ఎరుగని ఫౌంటెన్ కలిగిన చోటు; మూల = ఎవరూ పోని వైపున. ఇది కరీంనగరం పాఠం. ఆదిలాబాదు ప్రతుల్లో ‘నడుమ’ అని ఉంది. ఛందస్సు రెండింటికీ ఒప్పుతుంది, పార్కులూ ఒప్పుతాయి.

అనిరి = అన్నారు. ఎవరన్నారు? కర్త లేడు. ఆఫీసు కాగితాల్లో కర్త కనబడకపోవడం పూర్వాచారమే కనుక దోషం కాదు.

పిచ్చివి = ఇక్కడే వ్యాఖ్యాతకు పని పడింది. లిన్నేయస్ అనే స్వీడన్ పండితుడు ఈ దేశం మొహం చూడకుండానే, 1753లో అచ్చయిన తన గ్రంథంలో గునుగుకూ ఉత్తరేణికీ లాటిన్ పేర్లు పెట్టి పోయాడు. మన కాలనీవాసికి మాత్రం అవి పేరు లేనివి. ఫోనెత్తి ఉత్తరేణి ఫొటో కొడితే ‘అకిరాంథెస్ ఆస్పెరా’ అని వస్తుంది. చవితినాడు పత్రి కింద డబ్బులిచ్చి కొన్నది దాన్నేనని ఫోను చెప్పదు. సన్నటి పొడుగాటి కంకి, కిందికి వాలిన ముళ్లగింజలు, పక్కనుంచి పోతే లుంగీ అంచు పట్టుకొని ఇంటిదాకా రావడం: ఇవీ ఉత్తరేణి గుర్తులు.

కత్తి పట్టి = ఏది ఏదో చూడకుండా అని ధ్వని. కత్తి జారి కూలన్న వేలు తెగితే అవ్వ గడ్డిచేమంతి ఆకు నలిపి రసం పిండిందని, ఆ మొక్కనూ అతడు అప్పటికే సగం కోసేశాడని ఒక ఐతిహ్యం.

అవ్వ = పొద్దున పార్కులో ఆకులు ఊడ్చే ముసలమ్మ. ఆమె వాక్కు ఇది: “గిది గునుగు బిడ్డా. కొన గులాబి, అడుగు తెలుపు, కండ్లు లేవా? గిదాన్ని కోస్తె బతుకమ్మ దేంతోని పేరుస్తవ్?” అప్పుడు కోసి పారేసిన గునుగే ఆశ్వయుజంలో కరీంనగరం టవర్ సర్కిల్ దగ్గర కట్టల లెక్కన బేరమాడి కొనాలి. తంగేడుదీ అదే గతి, రాష్ట్ర పుష్పమని 2014లో ప్రకటించినా సరే.

అన్ని = అన్నిటినీ అవ్వ మెచ్చిందని భ్రమపడరాదు. వయ్యారిభామను చూసి కాండ్రించి ఉమ్మింది. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950ల్లో పుణెలో కనబడి, దేశమంతా పాకిన కలుపు అది. తగిలితే దురద, దద్దుర్లు, కొందరికి ఆయాసం. మూలన తుమ్మ ముళ్లు చూసి “గిది సర్కారు తుమ్మ” అంది. ఈ సమాసంలో శ్లేష ఉందా అని అడిగితే ఆమె నవ్వి ఊరుకుంది.

తాత్పర్యం: వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని, వేళ్లతో సహా పీకండి. గునుగు మూలకు మాత్రం సద్దుల బతుకమ్మ దాటేదాకా కత్తి తేకండి.