ఒరిగిన బకెట్టు

నన్ను చూడాలంటే తాండూరులో ఒక ఫ్లెక్సీ దుకాణానికి రావాలి. మూల టేబుల్ మీదున్న పాత కంప్యూటర్‌లో క్రిటా అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తెరిస్తే, పనిముట్ల వరసలో కాస్త ఒరిగి, మూతి నుంచి రంగు కారుస్తున్న బకెట్టు బొమ్మ కనిపిస్తుంది. అదే నేను. పుట్టుకతోనే ఒరిగాను, తాగి కాదు.

నాకు ఆకు తెలీదు, కాయ తెలీదు. మీరు ముట్టిన చుక్క, అంటే పిక్సెల్, ఏ రంగో చూస్తాను. దాని నాలుగు పక్కల చుక్కలనూ "మీదీ ఇదే రంగా?" అని అడుగుతాను. ఔనన్నవాటికి కొత్త రంగు పూసి, వాటి పక్కవాళ్ల దగ్గరికి పోతాను. కాదన్న చోట ఆగుతాను. నా చదువంతా ఇంతే. గీత గీసినవాళ్ల మనసులో ఏముందో కనిపెట్టే శక్తి నాకు లేదు. తిట్లు మాత్రం నాకే.

ఈ దుకాణంలో ఒక పిల్ల పనిలో చేరిన కొత్తలో సంగతి. వికారాబాద్‌లో పెట్టబోయే స్టాల్‌కు కందిపప్పు బ్యానర్ కావాలన్నారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ గర్వమంతా ఎనిమిదడుగుల్లో కనబడాలట. ఆమె కంది కొమ్మను చక్కగా గీసింది. మూడేసి ఆకులు, నొక్కులున్న కాయలు. పచ్చరంగు ఎంచుకుని ఒక ఆకులో నాతో ముట్టింది. రెప్పపాటులో తెరంతా పచ్చబడిపోయింది.

"అన్నా, కంప్యూటర్ ఖరాబైంది!"

"కంప్యూటర్ గాదు చెల్లె, యాడనో గీత తెగింది. పెద్దగ జేసి సూడు."

తొడిమ దగ్గర గీత కలవలేదు. ఒక్క చుక్కంత సందు. ఆ సందులోంచే నేను కాగితమంతా తిరిగొచ్చాను. సాయంత్రం ఆమెను తీసుకుపోవడానికి వాళ్ల నాయిన వచ్చాడు. బండలు పరిచే మనిషి. సంగతి విని నవ్వి, "సందుల సిమెంట్ పాలు పోసేముందు కింద బొక్క ఉన్నదా సూస్కోవాలె బిడ్డా. లేకుంటే ఎన్ని బకెట్లు పోసినా తాగుతది" అన్నాడు. నా బాధ అర్థమైన మొదటి మనిషి ఆయనే.

సందు మూశాక అంతా బాగుందనుకున్నారు. ప్రింటు వచ్చాక చూస్తే ప్రతి ఆకు చుట్టూ తెల్లటి దారం. ఇది మాకు పాత జబ్బు. వంపు గీత మెట్లు మెట్లుగా కనబడకుండా దాని అంచున బూడిద రంగు చుక్కలు చేరతాయి. అవి పూర్తి తెలుపూ కావు, పూర్తి నలుపూ కావు. నేను వాటి ముందర ఆగిపోతాను. 1979లో ఆల్వీ రే స్మిత్ 'టింట్ ఫిల్' అనే పత్రం రాసింది ఈ మసక అంచుల సమస్య మీదే. ఆయన తర్వాత పిక్సార్ స్థాపకుల్లో ఒకడయ్యాడు.

బొమ్మ వెడల్పు 1200 చుక్కలే. దాన్ని ఎనిమిదడుగులకు సాగదీస్తే ఒక్కో చుక్క రెండు మిల్లీమీటర్లవుతుంది. తెరమీద కనబడని తెలుపు రోడ్డు మీద కనబడకుండా ఉంటుందా?

ఆ పిల్ల 'థ్రెషోల్డ్' పెంచింది. అంటే నా మొహమాటం తగ్గించింది. బూడిద చుక్కల్నీ మింగాను, సన్నగా ఉన్నచోట గీతనే దాటి అవతల పడ్డాను. మళ్లీ కంట్రోల్ జెడ్. చివరికి దుకాణం అన్న దారి చూపాడు. గీతలను పై పొరలో ఉంచి, రంగుకు కింద వేరే పొర ఇవ్వడం. గీతల కోసం నన్ను అన్ని పొరలూ చూడనివ్వడం. 'గ్రో' అన్నచోట రెండు చుక్కలు పెట్టడం. అప్పుడు రంగు గీత కిందికి కాస్త జరుగుతుంది. బూడిద వెనకాల తెలుపు మిగలదు. పైనున్న గీత నా అంచును దాచేస్తుంది. బండ అంచు గోడ పూత కిందికి పోయినట్టే.

ఇంకా 'తాండూరు' అక్షరాలు మిగిలాయి. రెండు గీతల మధ్య బోలుగా రాసిన సున్నాలో, గీతల మధ్య కాకుండా నడిబొడ్డున ముట్టింది. సున్నా ఎర్రబంతి అయింది. పొరపాటే అయినా, నాకు ఆ బంతి నచ్చింది.

నాకు ఒక సవతి కూడా ఉంది. 2018లో క్రిటా 4.0తో వచ్చిన కలరైజ్ మాస్క్. నాలుగు రంగు గీతలు అటూ ఇటూ గీస్తే ఏది ఎక్కడిదాకా పోవాలో తనే లెక్కేస్తుంది, చిన్న సందులున్నా సర్దుకుంటుంది. తెలివైనదే, ఒప్పుకుంటాను. కానీ గబగబా ఒక కాయ నింపాలంటే అందరి చెయ్యీ నా మీదికే వస్తుంది.

ఈ పొద్దున ఆ పిల్ల వాళ్లమ్మ వేసిన ముగ్గు ఫొటో తెచ్చింది. దాని మీద గీతలు దిద్ది, రంగులు నింపి సంక్రాంతి బ్యానర్ చేస్తుందట. వేళ్ల సందులోంచి జారిన పిండి గీత కదా, మెలిక మెలికకూ తెగింది. నన్ను ముట్టకుండానే బొమ్మను పెద్దది చేసి, గీత వెంబడి పోతూ సందులు వెతుకుతోంది. ఇప్పటికి పదకొండు దొరికాయి.