బతికున్న యంత్రానికి మరణ ధ్రువపత్రం

లినక్స్, విండోస్ యంత్రాలు ఒకదాని ఫోల్డర్లను మరొకటి తెరుచుకోవడానికి పాటించే నియమావళిని, అంటే ప్రోటోకాల్‌ను, ఎస్‌ఎమ్‌బీ అంటారు. 1980లలో ఐబీఎమ్‌లో పుట్టి మైక్రోసాఫ్ట్ ఇంట పెరిగిన ఈ నియమావళిని, నెట్‌వర్కు తీగ మీద సాగే సంభాషణను ఓపిగ్గా ఆలకించి పసిగట్టిన ఆస్ట్రేలియా ప్రోగ్రామరు ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో విడుదల చేసిన ప్రోగ్రామే తర్వాత సాంబాగా ప్రసిద్ధికెక్కింది. చాటుగా విని నేర్చినదైనా సాంబా పలుకులో దోషాలు తక్కువే. చిక్కంతా, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ సంగతిని ఈ యంత్రాలు మనిషికి విన్నవించే తీరులో ఉంది.

ఇందుకు 112వ నంబరు లోపం తలమానికం. లినక్స్‌లో మౌంట్ ఆదేశమిచ్చి, అంటే దూరపు ఫోల్డరును సొంత ఫోల్డరులా తగిలించమని కోరి ఎదురుచూస్తే, 'హోస్ట్ ఈజ్ డౌన్' అని, అవతలి యంత్రం పడిపోయిందనే కబురు తెరపైకి వస్తుంది. పక్క గదిలో దాని ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పింగ్ ఆదేశంతో పలకరిస్తే తక్షణం బదులిస్తుంది. అయినా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వని పింఛనుదారుకు పట్టే గతే దానికీ పడుతుంది. 2017 మేలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఎస్‌ఎమ్‌బీ తొలి వెర్షన్‌ను విండోస్ అమలు చేసిన తీరులోని లొసుగు గుండా దేశదేశాలకు పాకిన ఏడాదే, విండోస్ 10 కొత్త ఇన్‌స్టలేషన్లలోనూ లినక్స్ మూలభాగమైన కెర్నల్ 4.13లోనూ ఆ వెర్షన్‌ను అడగనిదే వాడకుండా చేశారు. ఆ పాతది తప్ప మరొకటి రాని యంత్రం ఎదురైతే, ఆ మాట మొహం మీద చెప్పలేక కాబోలు, కెర్నల్ దాని చావు ప్రకటిస్తుంది. మౌంట్ ఆదేశంలో 'వెర్స్=1.0' అని చేర్చితే పని గడుస్తుంది గాని, ఆ పాత వెర్షన్ భద్రతా బలహీనతలూ వెంట వస్తాయి.

ఇక విండోస్ నుంచి సాంబా నడిచే లినక్స్ యంత్రంలోకి వెళ్లేటప్పుడు, పాస్‌వర్డుల దగ్గర విండోస్ వంతు. లినక్స్‌లో లాగిన్ కావడానికి వాడే పాస్‌వర్డు వేరు, సాంబా తన పట్టీలో దాచుకొనేది వేరు. రెండోదాన్ని 'smbpasswd' ఆదేశంతో విడిగా నమోదు చేయాలని తెలియనివారు సరైన పాస్‌వర్డే కొట్టి తిరస్కారం పొందుతూ ఉంటారు. ఆ నమోదయ్యాక, అప్పటికే ఒక పేరుతో కలిసి ఉండగా మరో పేరుతో ప్రవేశించబోతే, ఒకే సర్వరుకు రెండు పేర్లతో వెళ్లరాదంటూ విండోస్ 1219వ లోపం చూపుతుంది. కిటికీ మూసినా మొదటి పేరును అది వదలదు. అప్పుడు సర్వరు పేరుకు బదులు ఐపీ చిరునామా, అంటే దాని అంకెల చిరునామా, కొడితే చాలు, విండోస్ ఆ యంత్రాన్నే కొత్త సర్వరుగా భావించి సాదరంగా దారి ఇస్తుంది. ఈ కిటుకును మైక్రోసాఫ్ట్ తన సహాయ పత్రంలోనే ఏ సంకోచమూ లేకుండా సూచించింది.