వినకూడని సలహాలు

సంఘం మీద సర్కారు కన్ను పడ్డప్పుడు కార్మికుడికి సలహాలిచ్చేవాళ్లు ఎక్కువవుతారు. 1933లో జర్మనీ కార్మికుల చుట్టూ తిరిగిన సలహాలివి. ఒక్కటీ పాటించకండి.

“పార్టీల గొడవ మనకెందుకు? కాస్త తగ్గి ఉంటే సంఘం మిగులుతుంది.” అన్నిట్లోకీ చెడ్డ సలహా ఇదే. ఎందుకంటే ఇది చెప్పినవాళ్లు సంఘం బాగు కోరినవాళ్లే. జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. దేశంలోకెల్లా పెద్ద కార్మిక సమాఖ్యకు థియొడోర్ లైపార్ట్ నాయకుడు. మార్చి నెలలో ఆ సమాఖ్య తన పాత తోడు సోషల్ డెమోక్రాట్ పార్టీకి దూరం జరిగింది. అప్పటికే నాజీ దళాలు ఊరూరా యూనియన్ ఆఫీసుల మీద పడుతున్నాయి. 1920లో బెర్లిన్‌లో జరిగిన సైనిక తిరుగుబాటును సార్వత్రిక సమ్మెతో వారం తిరక్కుండా కూల్చింది ఈ కార్మికులే. అయితే 1933 నాటికి దాదాపు 60 లక్షల మందికి పని లేదు. గేటు బయట అంతమంది ఎదురుచూస్తుంటే సమ్మె మాట ఎత్తడం కష్టమే, కాదనను. కానీ తగ్గినందుకు ఏం దక్కిందో చూడండి.

“ఇచ్చిన సెలవు తీసుకోండి.” మే డేకి జీతంతో సెలవు కార్మికులు ఏళ్ల తరబడి అడిగిందే. నాజీలు ఇచ్చారు. సమాఖ్య తన సభ్యులను వేడుకలకు వెళ్లమంది. మే 1న బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్ మైదానం నిండిపోయింది, హిట్లర్ మాట్లాడాడు. మర్నాడు పొద్దున్నే దేశమంతటా నాజీ దళాలు యూనియన్ ఆఫీసులను ఆక్రమించాయి. లైపార్ట్‌ను అరెస్టు చేశారు. డ్యూస్‌బర్గ్‌లో నలుగురు యూనియన్ నాయకులను చంపేశారు.

“అందరికీ ఒకే సంఘమైతే బలం.” మే 10న నాజీ నేత రాబర్ట్ లే నాయకత్వంలో లేబర్ ఫ్రంట్ పుట్టింది. అందులో యజమానులూ సభ్యులే! చందాను కూలివాడి జీతంలోంచి పట్టుకునేవారు. జీతం ఎంతో బేరమాడే పని ఆ సంఘానికి లేదు, అది సర్కారు వేసిన ట్రస్టీల చేతిలో ఉంది. 1934 జనవరి చట్టం యజమానిని ఫ్యాక్టరీకి నాయకుడనీ కార్మికులను అనుచరులనీ పేర్కొంది. మరుసటి ఏడాది కార్మికుడి ఉద్యోగ వివరాలు రాసే వర్క్ బుక్ వచ్చింది. అది యజమాని దగ్గరే ఉండేది. కొన్ని పరిశ్రమల్లో అతను తిరిగివ్వకపోతే ఇంకోచోట పనికి చేరే దారి లేదు.

“సంక్షేమం చూస్తున్నారుగా, ఓపిక పట్టండి.” 1938 నుంచి లేబర్ ఫ్రంట్ వాళ్లు, వారానికి 5 మార్కులు కట్టి స్టాంపులు అంటించుకుంటే 990 మార్కులకు కారు ఇస్తామన్నారు. 3 లక్షల మందికి పైగా కట్టారు. ఒక్కరికీ కారు రాలేదు.

“ఫ్యాక్టరీ కమిటీకి ఎన్నికలున్నాయి కదా.” 1934లో, 1935లో జరిగాయి. నాజీలు ఆశించినట్టు కార్మికులు ఓటెయ్యలేదు. 1936లో వాయిదా వేశారు. మళ్లీ జరపలేదు.

మీ సంఘం ఎన్నికలు ఈ ఒక్కసారికి వాయిదా వేద్దామని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి.