రాజుగాని అప్పగింత (టీకా తాత్పర్య సహితము)

మూలము: "అక్కా! మేడారం పోయొస్తం. రెండొద్దులు రాజుగాన్ని జర సూడు. బంగారం తెస్తలే."

అవతారిక: పాలకుర్తిలో ఒక ఇల్లాలు, వాకిట డీసీఎం హారను మ్రోగుచుండగా, గోడ మీదుగా పలికిన వాక్యమిది. సోమనాథుడు పుట్టిన ఊరు గాన ద్విపదలో చెప్పవలసినదే; డ్రైవరు ఆగడయ్యె.

టీక: అక్కా = చుట్టరికము లేకున్నను అక్క అయిన పొరుగామె; పోయొస్తం = వెళ్లి వత్తుము ('పోతం' అనుట అశుభము); రెండొద్దులు = నాలుగు దినములు. సారలమ్మ గద్దెనెక్కునది బుధవారము, సమ్మక్క గురువారము, మొక్కులు శుక్రవారము, వనప్రవేశము శనివారము. నడుమ తిరిగి వత్తురను వ్యాఖ్యాత ఆ దారిలో బండ్ల బారు ఎరుగడు. రాజుగాన్ని = రాజు అను కుక్కను; 'గాడు' ముద్దునకు వచ్చినది. జర = కొంచెము; ఇచట పూర్తిగా అని అర్థము.

సూడు = ఇచటనే చిక్కు. అక్క మొదటి పూట వాచ్యార్థమునే గ్రహించి గోడ మీదుగా చూచెను. వాడు యజమానురాలి పాత చెప్పు మీద తల పెట్టి పండియుండెను. చీకటి పడగా ఖాళీ సత్తు గిన్నెను ముక్కుతో గచ్చంతయు నెట్టసాగెను. గరగర. 'సూడు అన్నదే గాని పెట్టు అన్నదా?' అని పూర్వపక్షము. గరగర ఆగకుండుటచే అది వీగిపోయెను. సిద్ధాంతము: సూచుట యనగా పూటపూటకు అన్నము, నిండు గిన్నె నీళ్లు, పొద్దుగూకిన వెనుక గొలుసు విప్పుట, నడిరేయి మొరిగిన 'రాజూ' అని ఒక కేక. మిగిలిన కూర కలుపరాదు. ఉల్లిగడ్డ కుక్క నెత్తురును చెరచును.

విశేషము: భరతుడు లేడిపిల్లను ఒకరికి అప్పగింపనేరక, దాని చింతతోనే కన్నుమూసి లేడియై పుట్టెను. పొరుగూరు బమ్మెర గాన ఈ కథను మావారు పోతన ఖాతాలో వ్రాయుదురు. భాగవత పంచమస్కంధమును తెనిగించినది గంగన. ధర్మరాజు కుక్క కొరకు ఇంద్రుని రథమునే వలదనెను. పాపము, ఆయనకు పక్కింటి అక్క లేదు. బసవపురాణమున కుక్క వేదము చదివెను; మా రాజుగాడు అన్నమే అడుగును.

అలంకారము: 'బంగారం' శ్లేష. మేడారమున బెల్లమునకు అదే పేరు. అక్కకు ఇది ముందే తెలియును.

తాత్పర్యము: ఆదివారము డీసీఎం దిగెను. పొట్లములో పిడికెడు బంగారము, కొంత పసుపు. రాజుగాడు ఇల్లాలి కుచ్చెళ్లలో దూరి మూలుగుచుండెను. అక్క గోడ మీద మోచేతులానించి, "నాలుగొద్దులు పెడితె నా దిక్కు సూడనే సూడడు" అనెను. ఇచట సూచుట వాచ్యార్థమే.