సగం మూతి

పొద్దున్నే ఐదింటికి కాఫీ తాగబోతే సగం నోట్లోకి, సగం బనీను మీదికి పోయింది. ఎడమ పక్క కింది పెదవి నాది కాదు. నొక్కి చూస్తే వేలికి తెలుస్తోంది గానీ పెదవికి తెలియట్లేదు.

"ఏమండీ, మూతి అలా పెట్టారేం?" అంది మా ఆవిడ. ఇన్నేళ్ల కాపురంలో ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేనిది ఇదే మొదటిసారి.

"గాలి సోకిందిరా. ఫ్యాను కింద పడుకోవద్దంటే విన్నావూ?" అంది అమ్మ. పైవాటా బాబాయిగారు మెట్లు దిగుతూనే షుగరెంతని అడిగారు. తనకి షుగరొచ్చిన దగ్గర్నుంచి వీధి మొత్తానికి ఉందనే ఆయన అనుమానం. మా అబ్బాయి బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసి, "నాన్నా, పళ్లు కనబడేలా నవ్వు, రెండు చేతులూ పైకెత్తు" అన్నాడు. వరండాలో చేతులెత్తి నవ్వుతున్న నన్ను చూసి పాలబ్బాయి ప్యాకెట్లు గేటు బయటే పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు ఫోన్లో వెతికాను. పక్షవాతం, మైగ్రేన్, సర్పి, బి12 లోపం, మల్టిపుల్ స్క్లెరోసిస్... పెళ్లి భోజనంలా వడ్డిస్తూనే ఉంది. బెల్స్ పాల్సీ అని ఇంకోటి. ముఖం నరాల మీద 1821లో పేపరు రాసిన చార్లెస్ బెల్ అనే స్కాట్లాండు సర్జను పేరట. ఇన్నాళ్లకి ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడనుకున్నాను. చదువుతున్నకొద్దీ ఊపిరి గబగబా ఆడింది. కుడి పక్క పెదవి కూడా చిమచిమలాడింది. వేళ్ల కొసల్లో చీమలు పాకాయి. ఇక లేచాను.

డాక్టరుగారు నుదురు ముడత పెట్టమన్నారు, కళ్లు గట్టిగా మూయమన్నారు, బుగ్గలు పూరించమన్నారు.

"ముఖాన్ని కదిలించేది ఏడో నరం. బెల్స్ పాల్సీ అయితే ఆ పక్క నుదురు కూడా కదలదు. పక్షవాతంలో మామూలుగా నుదురు బాగానే ఉండి మూతి జారుతుంది. మీకు రెండూ బాగున్నాయి. స్పర్శ తెలిపేది ఐదో నరం" అంటూ దూదిపోగుతో గడ్డం మీద రాశారు. తెలిసింది. పెదవి మీద రాశారు. తెలియలేదు. ఆయన ఇంకాస్త ముందుకి వంగి వాసన చూశారు.

"లవంగ నూనె రాశారా?"

రాశాను. రాత్రి పన్ను సలుపుతుంటే ఓసారి, నాలుగింటికి మళ్లీ ఓసారి, దూది ముంచి దవడలో కుక్కుకున్నాను. అది కారి పెదవిని మొద్దుబార్చింది.

"మరి కుడి పక్క?"

"అది భయం. ఊపిరి అలా ఎగపీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిరెక్కుతుంది. వచ్చి మంచి పనే చేశారు. కానీ మూతి జారినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. గడ్డ కరిగించే ఇంజెక్షను పనికొచ్చేది మామూలుగా నాలుగున్నర గంటల్లోపే. మీకు ఎన్నింటికి తెలిసింది?"

"ఐదింటికి."

ఆయన గోడ గడియారం చూశారు. ఎనిమిదిన్నర. "ఇంతసేపూ ఏం చేశారు?"

బాబాయిగారి షుగరు కబుర్లు విన్నానని చెప్పడానికి నోరు రాలేదు.

ఆటోలో ఇంటికొస్తుంటే పెదవి మెల్లగా మళ్లీ నాదైంది. దాని వెనకే పన్ను కూడా.